తాళం తిప్పితే ఏం వినిపించింది?

ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలవుతాయి: "బ్యాటరీ బాగానే ఉంది, అయినా కారు స్టార్ట్ అవ్వడం లేదు." ఆ తర్వాత కారు రంగు, కొన్న సంవత్సరం, ఎంత అపురూపంగా చూసుకుంటున్నారో అన్నీ రాస్తారు. తాళం తిప్పినప్పుడు ఏం చప్పుడు వచ్చిందో మాత్రం రాయరు. నాకు ముందు కావాల్సింది అది. కార్ల వైరింగ్ పనిలో 30 ఏళ్ళు దాటాయి. ఇంట్లో పిలిస్తే పలకను గానీ, ఇంజన్ని తిప్పి లేపే సెల్ఫ్ మోటార్ మీది స్విచ్, అదే సొలనాయిడ్, టక్కుమంటే పక్క వీధి నుంచి కూడా వినిపిస్తుందని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. నిజమే కావచ్చు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చప్పుడు గురించి రాసినవాటినే తీసుకున్నాను.

ప్రశ్న: మాది పెట్రోలు కారు, మాన్యువల్ గేర్లు. పోయిన వారం ఉదయం తాళం తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. లైట్లు ధగధగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు. మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించింది. ఒకాయన సెల్ఫ్ మోటార్ పోయిందన్నారు, ఇంకొకాయన బ్యాటరీయే మార్చెయ్యమన్నారు. మధ్యాహ్నం ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలన్నా టెన్షన్‌గా ఉంది. ఏది మార్చమంటారు?

జవాబు: ఇంకా ఏదీ మార్చకండి. "టక్" అని రాసినందుకు మీకు దండం పెట్టాలి, ఆ ఒక్క ముక్కతో చాలా అనుమానాలు పోయాయి. అయితే ఒకటి చూడండి. ఆ చప్పుడు బానెట్ కింద నుంచి, చిన్న సుత్తితో కొట్టినట్టు గట్టిగా వచ్చిందా? లేక డాష్‌బోర్డు దగ్గరో ఫ్యూజుల పెట్టెలోనో సన్నగా వచ్చిందా? సన్నగా వస్తే అది రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసే స్విచ్, చప్పుడు మాత్రమే. గట్టిగా వస్తే అది సెల్ఫ్ మోటార్ వీపు మీద కూర్చున్న సొలనాయిడ్. మీ ఉత్తరం చూస్తే రెండోదే అనిపిస్తోంది.

సొలనాయిడ్ ఒకే ఊపులో రెండు పనులు చేస్తుంది. చిన్న పళ్ళ చక్రాన్ని ముందుకు తోసి, ఇంజన్‌తో పాటు తిరిగే పెద్ద చక్రం, ఫ్లైవీల్, పళ్ళలో ఇరికిస్తుంది. వెనకవైపు ఒక రాగి బిళ్ళని రెండు లావాటి బోల్టుల మీద అదిమి, బ్యాటరీ కరెంటుని నేరుగా మోటార్లోకి వదులుతుంది. మీకు టక్ వినబడింది కాబట్టి తాళం, క్లచ్ స్విచ్, రిలే తమ పని చేశాయి. పెద్ద కరెంటే రావాల్సిన చోటికి రాలేదు.

ఇక ఆ 12.6 సంగతి. అది నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ ఊరికే కూర్చున్నప్పటి లెక్క. చెరువు నిండా నీళ్ళున్నాయి, తూములో ఏదో అడ్డం పడింది. మీరు చెరువు లోతు కొలిచి నాకు రాశారు. లైట్లు వెలగడం కూడా సాక్ష్యం కాదు. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండూ కలిపి లాగేది 9 ఆంపియర్లు. సెల్ఫ్ చిన్న పెట్రోలు ఇంజన్ని తిప్పడానికే 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది, డీజిల్‌కి ఇంకా ఎక్కువ. టెర్మినల్ అతుకులో 0.05 ఓమ్ అడ్డు ఉందనుకోండి. 9 ఆంపియర్లకి అక్కడ పోయేది అర వోల్టు కూడా కాదు, బల్బులకి తేడాయే తెలియదు. అదే దారిలో సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగబోతే 7.5 వోల్టులు ఆ అతుకు దగ్గరే ఖర్చవ్వాలి. ఇక మోటారుకి మిగిలేదేముంది?

మళ్ళీ మొరాయించినప్పుడు, ఏ పనిముట్టూ లేకుండా ఈ పరీక్ష చెయ్యండి. కారు లోపల పైకప్పు లైటు వేసి, దాన్నే చూస్తూ తాళం తిప్పండి. టక్ అనగానే లైటు బాగా మసకబారితే పెద్ద కరెంటు లాగాలని ఏదో ప్రయత్నం జరిగింది, దారి చాలలేదు. లూజు టెర్మినలో, లోపల దెబ్బతిన్న బ్యాటరీయో, అరుదుగా బిగుసుకుపోయిన ఇంజనో కారణం. లైటు చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉంటే మోటారు అసలు కరెంటే తీసుకోలేదు. రాగి బిళ్ళ కాలిపోయిందో, మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అంటే బ్రష్‌లు, అరిగిపోయాయో అనుకోవాలి. బ్రష్‌లు అరిగిన సెల్ఫ్ ఆగిన చోటుని బట్టి ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు వీల్ స్పానర్‌తో సెల్ఫ్ ఒంటి మీద మెల్లగా రెండు తట్లు తడితే స్టార్ట్ అవ్వడం మీరు చూసే ఉంటారు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ పైకి ఉండాలి, తట్టే మనిషి ఫ్యాను, బెల్టులకి దూరంగా ఉండాలి. అది మంత్రం కాదు, ఇరుక్కున్న బ్రష్ కాస్త కదులుతుంది. ఆ ఉపాయం షెడ్డు దాకా చేరడానికే.

మీ దగ్గర మీటరు ఉంది కాబట్టి ఇంకో అడుగు వెయ్యొచ్చు. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకెయ్యండి, ఇంజన్ స్టార్ట్ అవ్వకుండా సెల్ఫ్ మాత్రమే తిరుగుతుంది. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ మామూలే. మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ సీసపు మొన మీద, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంపు మీద ఆనించండి. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాదు, రోగం ఉంటే ఆ రెంటి మధ్యే ఉంటుంది. ఇంట్లోవాళ్ళని తాళం తిప్పమనండి. మీటరు దాదాపు సున్నా చూపాలి. 0.2 దాటితే దొంగ దొరికాడు. తర్వాత బ్యాటరీ నెగటివ్ మొన నుంచి ఇంజన్ లోహానికి పెట్టి చూడండి, అక్కడ 0.3 దాటకూడదు. పాజిటివ్ మొన నుంచి సెల్ఫ్ మీది లావాటి బోల్టుకి 0.5 దాటకూడదు. చివరగా, సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ రెండు మొనల మధ్య చూడండి. 9.6 కంటే కిందికి, ఏ 5కో 6కో పడిపోతే మీ ఏడాది బ్యాటరీలోనే ఒక గది (సెల్) పోయింది. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపి, బరువు పడగానే కూలబడే బ్యాటరీలు నేను చాలా చూశాను. అన్నీ సవ్యంగా ఉండి కూడా "టక్" దగ్గరే ఆగితే, అప్పుడు సెల్ఫ్ దింపమనండి.

మధ్యాహ్నం దానంతటదే బాగైందన్నారు. మధ్యలో మీరు బానెట్ తెరిచి, మీటరు ముళ్ళు పెట్టి, బహుశా క్లాంపుని అటూ ఇటూ కదిపి ఉంటారు. అందుకే నా పందెం టెర్మినల్ మీదే. బయటికి తళతళలాడుతున్న క్లాంపు విప్పి చూస్తే లోపలివైపు గుండ్రంగా నల్లటి పొర, గోటితో గీకితే రాదు. ఆ పొర కాగితమంత మందం కూడా ఉండదు, కారుని మాత్రం ఆపేస్తుంది. తెల్లగానో పచ్చగానో బూజులా పట్టినదైతే ఎవరికైనా కనిపిస్తుంది, గోరువెచ్చటి నీళ్ళలో వంటసోడా కలిపి కడిగితే పోతుంది. ఈ నల్లపొర విప్పితే తప్ప కనపడదు. నెగటివ్ ముందు విప్పండి, బిగించేటప్పుడు ఆఖర్న బిగించండి. పాజిటివ్ మీద పని చేస్తుండగా స్పానర్ బాడీకి తగిలినా నిప్పులు రాలకుండా ఉండటానికే ఈ వరస. సీసపు మొననీ, క్లాంపు లోపలి వంపునీ సన్నటి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. చేత్తో తిప్పితే క్లాంపు ఆవగింజంత కూడా కదలకూడదు.

"కొత్త బ్యాటరీ వెయ్యగానే టక్కున స్టార్ట్ అయింది" అనే మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. కొత్తది వేసేటప్పుడు ఆ కుర్రాడు క్లాంపులు విప్పి, తుడిచి, బిగించాడు. బాగైంది దానికి కావచ్చు. పాత బ్యాటరీ మాత్రం పాపం తప్పు చేయకుండానే పోయింది.

ప్రశ్న: ఆటోమేటిక్ కారు, బటన్ స్టార్ట్. బటన్ నొక్కితే డాష్‌బోర్డులో దీపాలన్నీ వెలుగుతాయి, ఇంజన్ తిరగదు, చిన్న చప్పుడు కూడా రాదు. ఇది రోజూ కాదు, అప్పుడప్పుడు. నేను ఒక్కదాన్నే నడుపుతాను, దారిలో ఇలా ఆగితే ఏం చెయ్యాలో చెప్పండి.

జవాబు: అమ్మా, చప్పుడే లేదంటే కారు "నాకు అనుమతి రాలేదు" అంటోంది. అనుమతి మూడు చోట్ల నుంచి రావాలి.

మొదటిది బ్రేకు. పెడల్ నొక్కినట్టు కారుకి తెలిసేది పెడల్ పైన ఉన్న చిన్న స్విచ్ ద్వారా. ఆగిపోయినప్పుడు ఎవరినైనా వెనక నిలబడమని బ్రేకు నొక్కండి. ఎవరూ లేకపోతే వెనక గోడ మీద ఎర్రటి వెలుగు పడుతోందా అని అద్దంలో చూడండి. బ్రేకు లైట్లు వెలగకపోతే ఆ స్విచ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇంకోసారి కాస్త గట్టిగా తొక్కి బటన్ నొక్కండి.

రెండోది గేరు. లివర్ పార్కింగ్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది, గేర్‌బాక్స్ మీది స్విచ్‌కి మాత్రం ఆనదు. బ్రేకు మీద కాలు తియ్యకుండా లివర్‌ని న్యూట్రల్‌కి తెచ్చి బటన్ నొక్కండి. న్యూట్రల్‌లో స్టార్ట్ అయి పార్కింగ్‌లో అవ్వకపోతే ఆ స్విచ్చే, లేదా లివర్ కేబుల్ సర్దుబాటు. ఈ ఒక్క వాక్యం మెకానిక్‌కి చెప్పండి, ఆయనకి ఒక పూట వెతుకులాట తప్పుతుంది.

మూడోది తాళం. రిమోట్‌లో చాలావరకు సీఆర్ 2032 అనే బిళ్ళ బ్యాటరీ ఉంటుంది, 3 వోల్టులది. అది నీరసిస్తే కారు తాళాన్ని గుర్తుపట్టదు. అప్పుడు రిమోట్‌నే బటన్‌కి ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి, ఎందుకంటే లోపల ఉన్న చిప్‌కి సొంత బ్యాటరీ అక్కర్లేదు, దగ్గరికి తెస్తే కారే దానికి శక్తినిస్తుంది. కొన్ని కార్లలో ఆనించాల్సిన చోటు వేరే ఉంటుంది, మీ కారు పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. ఆ పేజీ ఇవాళే చూసి పెట్టుకోండి.

మామూలు తాళం, క్లచ్ ఉన్న కార్లవాళ్ళకి కూడా ఒక మాట. క్లచ్ పూర్తిగా తొక్కితేనే స్టార్ట్ అయ్యే కార్లలో, పెడల్ కింద మ్యాట్ మడతపడి ఉంటే క్లచ్ అడుగు దాకా దిగదు. నిశ్శబ్దంగా చచ్చిపోయిందని మోసుకొచ్చిన కారుని మ్యాట్ లాగి స్టార్ట్ చేసి పంపిన రోజులున్నాయి. ఆ పనికి ఎంత తీసుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ప్రశ్న: తోసి స్టార్ట్ చెయ్యొచ్చా?

జవాబు: మాన్యువల్ అయితే చెయ్యొచ్చు, ఆటోమేటిక్ అయితే వద్దు. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి ఉంచండి. కాస్త వేగం అందుకున్నాక క్లచ్ చటుక్కున వదలండి. ఇంజన్ అందుకునేదాకా బ్రేకు గట్టిగా, స్టీరింగ్ బరువుగా ఉంటాయి, పల్లంలో జాగ్రత్త. ఒకటి రెండు ప్రయత్నాలు చాలు. ఊరికే తోస్తూ ఉంటే మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. తోస్తే వెంటనే స్టార్ట్ అయిందంటే పెట్రోలు, నిప్పురవ్వ, సెన్సార్లు బాగున్నట్టే, తప్పు సెల్ఫ్ దారిలోనే ఉంది. తాళం చిప్ గుర్తుపట్టని కారుని మాత్రం ఎంత దూరం తోసినా లాభం లేదు.

ప్రశ్న: సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. పొద్దున్న చక్కగా స్టార్ట్ అవుతుంది. గంటసేపు నడిపి ఆపి, పది నిమిషాలకి తిప్పితే రాదు. అరగంట ఆగితే వస్తుంది. ఒకసారి నడుస్తుండగానే ఆగిపోయింది. ప్లగ్గులు మార్చాను, ఫిల్టర్ మార్చాను, ఫలితం లేదు.

జవాబు: వేడికి పోయి, చల్లారితే వస్తోంది, పైగా నడుస్తుండగా ఆగింది. ముందుగా క్రాంక్ సెన్సార్‌ని పట్టుకోండి. ఫ్లైవీల్ దగ్గరో ముందు పుల్లీ దగ్గరో ఉండే బొటనవేలంత వస్తువు అది. పిస్టన్లు ఎక్కడున్నాయో కంప్యూటర్‌కి చెప్పేది అదే. అది నోరు మూస్తే ఎప్పుడు పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు నిప్పురవ్వ వెయ్యాలో కంప్యూటర్‌కి తెలియదు, అందుకని రెండూ మానేస్తుంది. లోపలి సన్నటి తీగ చుట్టలో చిట్లు ఉంటే వేడికి విడిపోతుంది, చల్లారాక మళ్ళీ అతుక్కుంటుంది.

ఈసారి మొరాయించినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా కార్లలో సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు అది సున్నా మీద నుంచి కాస్త లేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు లేచి, వేడిలో కదలకుండా పడుకుంటే సాక్ష్యం బలంగా ఉన్నట్టే. అప్పుడే ఇంకోటి కూడా వినండి. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఆగితే వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు తుమ్మెద రొదలాంటి చప్పుడు రావాలి, అది ఫ్యూయల్ పంపు. అది రాకపోతే సెన్సార్ మాట పక్కనపెట్టి పంపు, దాని ఫ్యూజు, రిలే చూడాలి. రిలే పరీక్షకి డబ్బు అక్కర్లేదు. ఫ్యూజుల పెట్టెలో హారన్ రిలే మీద అదే నంబరు ఉంటే రెంటినీ అటుదిటు మార్చండి. పంపు పలికి హారన్ మూగబోతే సంగతి తేలిపోయినట్టే.

ఒక్క జాగ్రత్త. పది సెకన్లకి మించి ఒక్క బిగిన సెల్ఫ్ కొట్టకండి, కనీసం అర నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. 1912 కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ దగ్గర్నుంచీ ఈ మోటార్లది ఒకటే సూత్రం: కొన్ని సెకన్లే పని, ఆ కాసేపూ ఒంటికి మించిన బరువు. నిమిషాలపాటు తిప్పితే చుట్టలు కాలతాయి.

మీ సంగతి కాదు గానీ, సెల్ఫ్ చప్పుడు వినేవాళ్ళందరికీ చెబుతున్నాను. మామూలుగా సెల్ఫ్ తిరిగేటప్పుడు ఒక లయ ఉంటుంది, ప్రతి సిలిండర్ దగ్గరా కాస్త తడబడి "ఉర్, ఉర్, ఉర్" మంటుంది. ఆ తడబాటు పోయి, మిక్సీలాగా నున్నగా, వేగంగా "వీ" మని తిరిగితే వెంటనే తాళం వదిలెయ్యండి. పిస్టన్లతో లయ తప్పకుండా వాల్వుల్ని నడిపే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. చాలా ఇంజన్లలో ఆ స్థితిలో తిప్పినకొద్దీ పిస్టన్లు వాల్వుల్ని గుద్దుతాయి. అలాగే లోతైన నీళ్ళలో ఆగిన కారుని కూడా తిప్పకండి. సిలిండర్లోకి నీళ్ళు చేరి ఉంటే అవి అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసి నీళ్ళు బయటికి పోయాకే సెల్ఫ్.

ప్రశ్న: ఈమధ్య గేర్‌బాక్స్ దింపి క్లచ్ ప్లేట్లు మార్చారు. అప్పటినుంచి సెల్ఫ్ మూలుగుతూ నీరసంగా తిరుగుతోంది. బ్యాటరీ పరీక్ష చేయిస్తే బాగుందన్నారు, టెర్మినళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నిన్న నాలుగైదుసార్లు తిప్పాక క్లచ్ కేబుల్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ఈ రెంటికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. మీ ఉత్తరం చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి, ఎందుకంటే ఇదే తప్పు నేను చేశాను.

ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. అందుకే ఇంజన్ నుంచో గేర్‌బాక్స్ నుంచో బాడీకి ఒక లావాటి ఎర్త్ పట్టీ వేస్తారు, జడలా అల్లిన రాగి తీగలతో. సెల్ఫ్ తిన్న కరెంటంతా ఆ పట్టీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్ళాలి. ఆ పట్టీ బిగించడం మర్చిపోతే కరెంటు ఊరుకోదు, దొరికిన లోహం పట్టుకుని వెళుతుంది. ఇంజన్‌కీ బాడీకీ మధ్య మిగిలిన లోహం క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. పెద్ద కరెంటు ఆ సన్నటి తీగలో దూరితే కాలక ఏం చేస్తుంది?

పనిలో చేరిన కొత్తలో ఇలాంటి కారే నా చేతికి వచ్చింది. సెల్ఫ్ దింపాను, బెంచి మీద బ్రహ్మాండంగా తిరిగింది. ఎక్కించాను, మూలిగింది. మళ్ళీ దింపి బ్రష్‌లు మార్చాను. మూడోసారి దింపబోతుంటే ఆ కారాయన, రిటైరైన మాస్టారు, పక్కనే నిలబడి "బాబూ, ఏదో ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది, ఈ తీగ నుంచే అనుకుంటా" అన్నారు. క్లచ్ కేబుల్ తొడుగు మెత్తబడి ఒకవైపు ఉబ్బి ఉంది. కిందికి దూరి లైటు వేస్తే గేర్‌బాక్స్ వెనక అల్లిక పట్టీ గాల్లో ఊగుతోంది. అంతకుముందు వారం గేర్‌బాక్స్ ఎక్కించింది నేనే. మిగిలిపోయిన బోల్టు ఒకటి నా డబ్బాలో "దేనిదో చూద్దాం" అని దాచుకున్నదీ నేనే. మాస్టారు ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మీరు చెయ్యాల్సింది చిన్న పని. జంపర్ కేబుళ్ళలో ఒకటి తీసుకుని, ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస ఇంజన్ మీద రంగు లేని గట్టి లోహానికి బిగించండి, ఇంజన్ ఎత్తడానికి ఉండే కొక్కెం అయితే మంచిది. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. చురుగ్గా తిరిగితే ఎర్త్ పట్టీయే. కారుని క్లచ్ మార్చినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళి, గేర్‌బాక్స్ దగ్గర పట్టీ ఉందా, ఉంటే దాని కింద రంగు, తుప్పు గీకి బిగించారా చూడమనండి. అప్పటిదాకా పదే పదే సెల్ఫ్ కొట్టకండి. పట్టీ బిగించాక క్లచ్ పెడల్ తొక్కి చూడండి. మునుపటికంటే బిరుసుగా, గరగరలాడుతూ దిగుతుంటే కేబుల్ లోపలి ప్లాస్టిక్ కరిగినట్టు, దాన్ని కూడా వాళ్ళ చేతే మార్పించండి.